అరచేతిలో పాడుబడ్డ కోట

కొనామీ తిరిగి తెచ్చిన మూడు గోథిక్ ఆటలు కోల్‌కతాలో ఆడితే ఎందుకో పరాయివిగా అనిపించవు. జపాన్ వాళ్లు తమ పాత ఆటలకు చేసిన మరమ్మతు చూస్తే, ఈ నగరంలో కూలిపోతున్న పాత ఇళ్లు గుర్తుకు రాక మానవు.

కోల్‌కతాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో మిట్టమధ్యాహ్నమైనా సాయంత్రంలాగే ఉంటుంది. పెద్ద చెట్ల నీడలో పాచిపట్టిన పిరమిడ్లు, స్తంభాల మండపాలు, మొనదేలిన రాతి కంబాలు. 1767లో తెరిచిన ఈ శ్మశానంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, వారి భార్యలు, ఏడాదైనా నిండకుండా పోయిన పసిపిల్లలు నిద్రపోతున్నారు. సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధి ఇక్కడే ఉంది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా 1977 నాటి నవల ‘గొరస్థానే సాబ్‌ధాన్’లో ఒక కేసు తీగ లాగింది కూడా ఇక్కడినుంచే.

ఈ శ్మశానం తలుపులు తెరవడానికి సరిగ్గా మూడేళ్ల ముందు, 1764లో, లండన్‌లో హొరేస్ వాల్‌పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అనే నవల అచ్చు వేయించాడు. పాత కోట, వంశానికి తగిలిన శాపం, ఎవరూ తాకకుండానే కదిలే వస్తువులు. గోథిక్ సాహిత్యానికి అదే తొలి నవల అంటారు. అంటే గోథిక్ కథ, కలకత్తాలోని ఈ సమాధులు ఇంచుమించు ఒక ఈడువే.

అలాంటి ఊళ్లో అరచేతిలో పట్టే యంత్రం మీద డ్రాకులా కోట తెరుచుకుంటే కొత్త ఊరికి వెళ్లినట్టు ఉండదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన పెద్దమ్మగారి ఇల్లు గుర్తుకొస్తుంది. జపాన్ కంపెనీ కొనామీ 2024 ఆగస్టు 27న ముందస్తు హడావుడి లేకుండా విడుదల చేసిన ‘కాజిల్‌వేనియా డామినస్ కలెక్షన్’ మొదటి గంటల్లో కలిగించే అనుభూతి అదే. నింటెండో డీఎస్ అనే చేతి యంత్రం కోసం 2005, 2006, 2008 సంవత్సరాల్లో వచ్చిన మూడు ఆటలు ఇందులో ఉన్నాయి: ‘డాన్ ఆఫ్ సారో’, ‘పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్’, ‘ఆర్డర్ ఆఫ్ ఎక్లీజియా’. ఇన్నేళ్లూ ఇవి ఏ కొత్త గేమ్ కన్సోల్ మీదికీ రాలేదు. నింటెండో స్విచ్‌తో పాటు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, కంప్యూటర్ల మీద కూడా ఇప్పుడు దొరుకుతున్నా, పుట్టింది చేతిలో ఆడటానికే కాబట్టి వీటి రుచి స్విచ్ లాంటి యంత్రం మీదే బాగా తెలుస్తుంది.

తాళం లేని తలుపు ఒక్కటీ లేదు

కాజిల్‌వేనియా గురించి వినని వారికి రెండు ముక్కలు. 1986లో కొనామీ ఈ వరుసను మొదలుపెట్టినప్పుడు కథ సాదాసీదాగా ఉండేది. కొరడా పట్టుకున్న వీరుడు ఎడమ నుంచి కుడికి నడుస్తూ, అడ్డొచ్చిన పిశాచాలను కొడుతూ, చివరికి డ్రాకులాను చేరుకుంటాడు. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ద నైట్’ ఆ దారిని మార్చేసింది. అప్పటినుంచి ఈ ఆటల్లో కోట మొత్తం ఒకే పెద్ద ఇల్లు. అడుగడుగునా తాళం పడిన తలుపులు, అందనంత ఎత్తులో అటకలు, దూకలేని గోతులు. ఎక్కడో మూల గదిలో రెండోసారి ఎగిరే శక్తి దొరుకుతుంది. అప్పుడు ఎప్పుడో వదిలేసి వచ్చిన ఆ అటక గుర్తుకొస్తుంది. వెనక్కి వెళ్లాలి.

ముందుకు పోవడం కన్నా వెనక్కి రావడంలోనే ఈ ఆట కిటుకంతా ఉంది. చందమామలో భేతాళ కథలు చదివి పెరిగిన తెలుగువారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. పట్టు వదలని విక్రమార్కుడు మళ్లీ మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లినట్టే, ఆటగాడూ చచ్చి, బతికి, అదే మెట్ల దారికి తిరిగొస్తాడు. మూడోసారి వచ్చేసరికి ఆ దారిలో ఏ అస్థిపంజరం ఎక్కడినుంచి ఎముక విసురుతుందో కంఠతా వచ్చేస్తుంది. భయం పోయి పరిచయం మిగులుతుంది.

మూడింటిలో ముందుగా ఆడి చూడాల్సింది ‘ఆర్డర్ ఆఫ్ ఎక్లీజియా’. కథానాయిక పేరు షనోవా. డ్రాకులాను అంతం చేయగల ‘డామినస్’ అనే శక్తిని ఆమెకు ధారపోసే క్రతువు జరుగుతుండగా, తోడబుట్టినవాడిలా తనతో పెరిగిన ఆల్బస్ వచ్చి దాన్ని ఎత్తుకుపోతాడు. ఆ దెబ్బకు ఆమె జ్ఞాపకాలూ పోతాయి, భావోద్వేగాలూ పోతాయి. కత్తి ఎలా పట్టుకోవాలో కూడా గురువు మళ్లీ నేర్పాలి. ఆట నేర్పే పాఠాలను కథలోనే ఇమిడ్చిన ఈ తీరు ముచ్చటగా ఉంది.

షనోవా ఆయుధాలు మోసుకు తిరగదు. శత్రువుల నుంచి రాలిన మంత్రాక్షరాలను వీపు మీది పచ్చబొట్టులోకి పీల్చుకుంటుంది. కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి తగిలించుకుని వాడుతుంది. ప్రతి దెబ్బకూ కొంత మంత్రశక్తి ఖర్చవుతుంది, చెయ్యి ఆపితే క్షణాల్లో నిండుతుంది. అందుకే బటన్లు ఎడాపెడా నొక్కితే పని జరగదు. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. ఈ లయ పట్టుబడే దాకా మొదటి రెండు గంటలు చుక్కలు కనిపిస్తాయి. లైట్‌హౌస్‌లో ఎదురయ్యే రాక్షస పీత దీనికి మంచి ఉదాహరణ. అంతస్తు తర్వాత అంతస్తు పగలగొట్టుకుంటూ అది కింది నుంచి తరుముకొస్తుంది. షనోవా పైపైకి పాకుతూ పోవాలి. చివరికి దాని పని పట్టేది మంత్రం కాదు, పైనుంచి దాని నెత్తిన వచ్చి పడే లిఫ్టు. హారర్ మధ్యలో ఇలా నవ్వించడం ఈ వరుసకు అలవాటే.

అన్నిటికన్నా బాగున్నది వైగోల్ అనే చిన్న ఊరు. షనోవా వచ్చేసరికి అది బోసిపోయి ఉంటుంది. జనాన్ని ఎత్తుకుపోయి తలా ఒక చోట మంత్రబంధంలో ఉంచారు. అడవిలో, గుహలో, జైలు దీవిలో వారిని వెతికి విడిపించాలి. విడిపించిన వాళ్లు ఊరికి తిరిగొచ్చి ఎవరి పని వాళ్లు మొదలుపెడతారు. వైద్యుడు మందులకు సరుకు తెమ్మంటాడు, వంటవాడు దినుసులు అడుగుతాడు, విలేకరి ఫొటోలు తీసుకురమ్మంటాడు, చిన్నపిల్ల తన పిల్లి ఎక్కడుందో చూడమంటుంది. ఇవన్నీ కాలక్షేపం పనుల్లా కనిపిస్తాయి. కానీ ఊరివాళ్లందరినీ కాపాడకుండా ముందుకు ఉరికితే కథ అర్ధాంతరంగా, విషాదంగా ముగుస్తుంది. డ్రాకులా కోట గుమ్మం కూడా చూడకుండానే ఆట అయిపోతుంది.

మంచు ఊరు, యుద్ధం నాటి బొమ్మలు

మిగతా రెండింటికీ వేటి స్వభావం వాటిది. ‘డాన్ ఆఫ్ సారో’ కథ 2036లో జరుగుతుంది. నాయకుడు సోమా క్రజ్ డ్రాకులా పునర్జన్మ. మళ్లీ డ్రాకులా కాకుండా ఉండటమే అతని అసలు పోరాటం. చంపిన ప్రతి ప్రాణి ఆత్మనూ లోపలికి తీసుకుని దాని శక్తిని వాడుకోగలడు. ఏ ఆత్మ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి ‘ఇంకొక్కటి చూద్దాం’ అనుకుంటూనే అర్ధరాత్రి దాటిపోతుంది. మంచు కురిసే ఊరితో మొదలయ్యే తొలి అంకం ఇప్పటికీ అందంగా ఉంది. పాత్రల బొమ్మలు మాత్రం తేలిపోయాయి. అంతకు ముందు ఆటలకు అయామీ కొజిమా గీసిన నూనెరంగుల్లాంటి పాలిపోయిన ముఖాల స్థానంలో పిల్లల కార్టూన్ ముఖాలు వచ్చాయి. గోథిక్ కోటలో అవి అతికినట్టు ఉండవు.

‘పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్’ను కోల్‌కతాలో ఆడటం వేరే అనుభవం. కథాకాలం 1944. రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన వారి ఘోషే డ్రాకులా కోటను మళ్లీ లేపిందని ఆట చెబుతుంది. బ్రౌనర్ అనే రక్తపిశాచి చిత్రకారుడు కోటంతా మంత్రపు బొమ్మలు వేలాడదీశాడు. జొనాథన్, షార్లట్ అనే ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి పోరాడుతూ ఆ బొమ్మల్లోకి దూకాలి. ఒక దాంట్లో లండన్‌ను తలపించే పొగమంచు వీధులు, మరో దాంట్లో ఈజిప్టు ఇసుక సమాధులు, ఇంకో దాంట్లో తలకిందులుగా తిరిగే సర్కస్. దారి చూపి పనులు అప్పగించేది కూడా ఒక మంచి దెయ్యమే.

1944 అనగానే కోల్‌కతాకు గుర్తొచ్చేవి వేరే బొమ్మలు. అంతకు ముందు ఏడాది మొదలైన బెంగాల్ కరువులో అన్నమో రామచంద్రా అంటూ పల్లెలు నగరం మీదికి వచ్చి పేవ్‌మెంట్ల మీద ప్రాణాలు వదిలాయి. జైనుల్ ఆబెదిన్ ఆ దృశ్యాలను నల్లటి గీతల్లో పట్టుకున్నాడు. చిత్తప్రసాద్ ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో పుస్తకం వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం దాని ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. యుద్ధం మిగిల్చిన ఘోష గోడ మీది బొమ్మలో ఉండిపోతుందన్న ఆలోచన ఆటలో ఒక సరదా కల్పన. ఈ ఊరికి మాత్రం అది మ్యూజియంలో కనిపించే చరిత్ర. ఆట ఆ బరువు జోలికి పోదు. యుద్ధాన్ని తెరవెనక పరదాగా వాడుకుని తన దారిన తాను పోతుంది. దాని పరిమితి తెలిసేది ఇక్కడే.

మడత పుస్తకం నుంచి ఒక పేజీకి

భయం చేతిలో ఇమిడేదేనా అన్నది ఈ తరహా ఆటలకు మొదటినుంచీ ఉన్న ప్రశ్న. 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌తో పాటే వచ్చిన ‘సర్కిల్ ఆఫ్ ద మూన్’ ముందుగా ఓడింది వెలుతురు దగ్గరే. ఆ యంత్రం తెరకు వెనక దీపం లేదు, కోటేమో కటిక చీకటి. దెయ్యాన్ని చూడాలంటే ఆటగాడు ట్యూబులైటు కిందికి జరగాల్సి వచ్చేది. మరుసటి ఏడాది వచ్చిన ‘హార్మొనీ ఆఫ్ డిసొనన్స్’లో ఆ ఫిర్యాదుకు జవాబుగా రంగులు బాగా పెంచేశారు. చివరికి యంత్రాలకే దీపాలొచ్చి ఆ బాధ తీరింది.

నింటెండో డీఎస్ పుస్తకంలా మడిచే యంత్రం, రెండు తెరలది. ప్రపంచమంతటా 15.4 కోట్లు అమ్ముడుపోయింది. పై తెర మీద మ్యాపు, కింది తెర మీద ఆట, చేతిలో గీయడానికి ఒక పుల్ల. ఇప్పుడు అదంతా ఒకే తెర మీద సర్దాలి. ఈ పని చేసిన ఎం2 అనే జపాన్ సంస్థకు పాత ఆటలకు మరమ్మతు చేయడంలో మంచి పేరుంది. ఆట కిటికీని పెద్దది చేసి మ్యాపును పక్కన చిన్నదిగా పెట్టుకోవచ్చు, కావాలంటే అమరిక మార్చుకోవచ్చు. చేతి తెర మీద మ్యాపు అక్షరాలు కాస్త చిన్నవయ్యాయి కానీ అలవాటు పడటానికి ఎక్కువసేపు పట్టదు. ‘డాన్ ఆఫ్ సారో’లో పెద్ద శత్రువును చంపిన చివరి క్షణంలో పుల్లతో తెర మీద ముద్ర గీయాల్సి వచ్చేది. గీత తప్పితే చచ్చినవాడు లేచి కూర్చునేవాడు. చాలామందిని విసిగించిన ఆ ముద్రలను ఇప్పుడు వరుసగా బటన్లు నొక్కి వేయవచ్చు.

కొత్తగా చేర్చిన వాటిలో అందరూ వాడుకునేది వెనక్కి తిప్పే సదుపాయం. దెబ్బ తగిలితే కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆట దాచుకోవచ్చు. ఎస్ప్లనేడ్‌లో మెట్రో ఎక్కి హుగ్లీ నది కింది సొరంగం దాటి హౌరాలో దిగేవాడికి ఇది వరమే. 2024 మార్చిలో మొదలైన ఆ దారిలో నదిని దాటడానికి పట్టేది ముప్పావు నిమిషం. అయితే తప్పు దిద్దుకునే వీలు చేతిలో ఉన్నప్పుడు భయం సగానికి పడిపోతుంది. దిగ్గజ పీత తరుముకొస్తుంటే గుండె దడదడలాడాలి గానీ బొటనవేలు వెనక్కి తిప్పే బటన్ మీద నిశ్చింతగా ఉండకూడదు. మొదటిసారి ఆడేవారు ఆ బటన్ ఉందన్న సంగతే మరిచిపోతే మంచిది.

సంగీతం విషయంలో ఏ ఫిర్యాదూ లేదు. ఈ మూడింటి సంగీత దర్శకుల్లోనూ ఉన్న మిచిరు యమనే పైప్ ఆర్గన్, వయొలిన్, రాక్ డ్రమ్ములను ఒకే కుండలో ఉడికించి వడ్డించింది. బాణీలను విడిగా వినే ఏర్పాటు, పాత చిత్రాల గ్యాలరీ కూడా ఉన్నాయి. వీటికి తోడు 1980ల చివర్లో ఆర్కేడ్ యంత్రాల మీద వచ్చి, అన్యాయమైన కష్టంతో అపకీర్తి మూటగట్టుకున్న ‘హాంటెడ్ కాజిల్’ అనే ఆటను ఎం2 మొదటినుంచి మళ్లీ నిర్మించింది. పాతది, కొత్తది పక్కపక్కనే ఉంచింది. ఒక చెడ్డ ఇంటిని కూడా కూల్చకుండా బాగుచేసి చూపించినట్టుంది.

రాయిలో వచ్చింది, కథలో స్థిరపడింది

కోల్‌కతాకు గోథిక్ మొదట కట్టడంగా వచ్చింది. 1847లో ప్రారంభమైన సెయింట్ పాల్స్ కేథడ్రల్ శిఖరం 1897 భూకంపంలో ఒకసారి, 1934 భూకంపంలో ఇంకోసారి కూలింది. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ చర్చి గోపురం నమూనాలో మళ్లీ కట్టారు. 1872లో పూర్తయిన హైకోర్టుకు వాల్టర్ గ్రాన్‌విల్ నమూనాగా తీసుకున్నది బెల్జియంలోని ఈప్రె పట్టణపు వస్త్ర వ్యాపారుల భవనం. మొదటి ప్రపంచయుద్ధంలో అది నేలమట్టమైనప్పుడు తిరిగి కట్టడానికి నక్షా కోసం కలకత్తాకే కబురు పెట్టారని నగరంలో ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానిజాలెలా ఉన్నా కోల్‌కతా ఆ కథను ఇష్టంగా చెప్పుకుంటుంది.

తరువాత బెంగాలీ రచయితలు దాన్ని సొంతం చేసుకున్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘క్షుధిత పాషాణ్’ 1895 నాటిది. అంటే బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ కన్నా రెండేళ్లు ముందు. పన్నులు వసూలు చేసే ఒక ఉద్యోగి పాడుబడ్డ మొగలాయి రాజమందిరంలో మకాం పెడతాడు. పగలు లెక్కల పుస్తకాలు, రాత్రి గజ్జెల చప్పుడు. ఆ రాళ్లకు ఆకలి, లోపలికి వచ్చిన మనిషిని వదలవు. కుర్రతనంలో అహ్మదాబాద్‌లో అన్నగారితో కలిసి ఉన్న షాహీబాగ్ మహలే ఠాగూర్‌కు దీనికి ప్రేరణ. ‘మణిహారా’లో నగల మీద మమకారం చావని ఇల్లాలు ఎముకల గూడై తిరిగొస్తుంది. 1961లో సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’లో ఈ కథను తెరకెక్కించాడు. శరత్ నవలలను తెలుగు నవలలే అనుకునేంతగా చదువుకున్న మన పాఠకులు బెంగాల్ దెయ్యాలను మాత్రం అంతగా పట్టించుకోలేదు.

కాజిల్‌వేనియాలో ఎదురైన ప్రతి ప్రాణి వివరాలూ ఒక జాబితాలోకి ఎక్కుతాయి. బెంగాల్‌లో అలాంటి జాబితా ఎప్పుడో తయారై ఉంది. పెళ్లి కాకుండా పోయిన పేత్నీ, గాజులు వేసుకున్న ముత్తయిదువ దెయ్యం శాక్‌చున్నీ, జంధ్యం వేసుకుని మర్యాదగా మసలే బ్రహ్మదైత్య, వంటింట్లో చేపలు కాజేసే మేఛో భూత్, తల లేని స్కంధకాటా, రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలిచే నిశి. మన కొరివిదెయ్యం, బ్రహ్మరాక్షసులకు దూరపు చుట్టాలే. ఒక్కొక్కటికి ఒక్కో అలవాటు, ఒక్కో బలహీనత. ఆట తయారుచేసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

భారతీయ స్టూడియోలు చేతగాక కూర్చున్నాయని కాదు. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020 ఆగస్టులో ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ను ముందుగా నింటెండో స్విచ్ మీదే విడుదల చేసింది. ఇద్దరూ పురాణాల వైపు, దేవతలు అసురుల వైపు చూశారు. తాతల నాటి ఇల్లు, తాళం పడిన మేడగది, ఆస్తి తగాదా, అందులో ఇరుక్కున్న ఆత్మ లాంటి సొంత గోథిక్ వైపు సినిమాలు చూసినంతగా ఆటలు చూడలేదు. చంద్రముఖి గది తలుపు ముందు గుండె చిక్కబట్టుకున్న ప్రేక్షకుడు ఈ ఆటలకూ సిద్ధంగానే ఉన్నాడు.

పోయినవి పోగా

డీఎస్ రోజుల్లో ఈ ఆటలు కోల్‌కతాకు రాచమార్గంలో కన్నా దొడ్డిదారినే ఎక్కువగా వచ్చేవి. ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఫ్యాన్సీ మార్కెట్, ధర్మతల్లా దగ్గర చాందినీ చౌక్ విదేశీ సరుకుకు పేరుపడ్డ బజార్లు. పిల్లలు క్యాసెట్లని పిలుచుకునే ఆట పెట్టెలను నమ్మకం మీద కొనుక్కోవాల్సిందే. పెట్టె మీద ఒక బొమ్మ, లోపల ఇంకో ఆట. 2008లో హెచ్‌సీఎల్ ఇన్ఫోసిస్టమ్స్ నింటెండో యంత్రాలను అధికారికంగా తెచ్చింది కానీ ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. 2017లో స్విచ్ ప్రపంచమంతటా విడుదలైనప్పుడు ఆ దేశాల జాబితాలో భారత్ లేదు. తెప్పించుకున్నవారు దిగుమతి వ్యాపారుల దగ్గర కొనుక్కున్నారు. ఈ కలెక్షన్‌లో భారతీయ భాష ఒక్కటీ లేకపోవడం వింతేమీ కాదు.

కానీ ఆటలు దొరక్కపోవడం మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో కొనుక్కోవడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన అధ్యయనం తేల్చింది. యంత్రం పాతబడితే దానితోపాటే ఆటా పోతుంది. హక్కులున్న కంపెనీకి లాభం కనిపించకపోతే ఎంత గొప్ప ఆటైనా అటక మీదే. ఈ మూడు ఆటల నిర్మాత కోజీ ఇగరాషీ 2014లో కొనామీని వదిలి వెళ్లాడు. మరుసటి ఏడాది ఇదే తరహా కొత్త ఆట కోసం చందాలు అడిగితే అభిమానులు 55 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. 2019లో అది ‘బ్లడ్‌స్టెయిన్డ్’గా వచ్చింది. పాత కోటలను జనం మరిచిపోలేదని కొనామీకి ఆ లెక్క చెప్పకనే చెప్పింది.

కోల్‌కతా ఇళ్లకు అలాంటి అదృష్టం అందరికీ పట్టలేదు. ఉత్తర కోల్‌కతా జమీందారీ భవంతుల సంగతి అటుంచితే, దక్షిణాన మధ్యతరగతి కట్టుకున్న ఇళ్లూ ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఎర్రటి నున్నని నేల, ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు, అర్ధచంద్రాకారపు బాల్కనీ, వీధివైపు ‘రోయాక్’ అనే అరుగు. ఒక ఇంటికి పదిమంది వారసులు, తాతల కాలం నాటి అద్దెలు, మరమ్మతుకు తలా ఒక మాట. ప్రమోటర్ వచ్చి తలా ఒక ఫ్లాటు ఇస్తానంటే తగాదా తీరిపోతుంది, ఇల్లు పోతుంది. ఈ మామూలు ఇళ్లే నగరానికి ముఖమని, వాటిని కాపాడాలని నవలాకారుడు అమిత్ చౌధురి 2015లో ఉద్యమం మొదలుపెట్టారు. నగరపాలక సంస్థ వారసత్వ భవనాలకు గ్రేడ్లు ఇచ్చింది కానీ గ్రేడు దిగితే రక్షణా దిగిపోతుంది. లిటిల్ రసెల్ స్ట్రీట్‌లోని పాత కెనిల్‌వర్త్ హోటల్ భవనం 2ఎ గ్రేడు నుంచి 3కు దిగింది. 2018లో దాన్ని కూల్చడం మొదలైనప్పుడు నగరంలో పెద్ద దుమారమే రేగింది.

ఈ బాధను బెంగాలీలు నవ్వుగా మార్చుకున్నారు. 2012లో అనీక్ దత్తా తీసిన ‘భూతేర్ భవిష్యత్’లో పాత ఇళ్లన్నీ కూల్చేయడంతో దెయ్యాలకు నిలువ నీడ కరువవుతుంది. మిగిలిన ఒక్క భవంతిలో చోటు కోసం ఇంటర్వ్యూకు వరుస కడతాయి. ఆ భవంతి మీదా ప్రమోటర్ కన్ను పడితే, కాలాలు వేరైన దెయ్యాలన్నీ ఏకమై అతని పని పడతాయి. జనం పగలబడి నవ్వారు, సినిమా నెలల తరబడి ఆడింది.

ఆటలో కోటను కూల్చడమే గెలుపు. డ్రాకులా చావగానే గోడలు కూలిపోతాయి, అయినా తరువాతి ఆటకు కోట మళ్లీ లేస్తుంది. కోల్‌కతాలో కూలిన ఇల్లు కూలినట్టే. బహుశా అందుకే ఇక్కడ ఆడినవారికి కోట కన్నా వైగోల్ ఎక్కువ గుర్తుండిపోతుంది. షనోవాకు తన గతమంటూ ఏదీ జ్ఞాపకం లేదు. అయినా పిల్లి కోసం వెతుకుతుంది, వంటవాడికి దినుసులు తెస్తుంది, ఫొటోలు తీసిపెడుతుంది. ఒక్కొక్కరినే వెంటబెట్టుకొచ్చి ఊరి ఇళ్లు నింపుతుంది. ఆ పని పూర్తయితేనే డ్రాకులా కోట తలుపు తెరుచుకుంటుంది.